రెండు క్యాన్లు, నాలుగు కాన్పులు

డిటెక్టివ్ టైటస్ పేరులోనే టైటు ఉంది. ప్యాంటూ టైటే. ఆయన భార్య డాలీ లెక్క ప్రకారం ఆయనలో లూజుగా ఉండేది నోరొక్కటే. అలాంటి మనిషి తన బొర్రను వెంటబెట్టుకుని బొర్రా గుహలు చూద్దామని, తనకు తానే రెండు రోజుల సెలవు మంజూరు చేసుకుని, 2002 ఏప్రిల్లో విశాఖపట్నం నుంచి కొండెక్కాడు. ఆ ఉదయం అరకు గెస్ట్‌హౌస్‌లో కూర్చుని, చట్నీలో కొబ్బరి ఉందన్న వాదనకు ఆధారాలు లేవని తేల్చి, నాలుగో ఇడ్లీని అదుపులోకి తీసుకోబోతుండగా నర్సు సుజానా ఆయాసపడుతూ వచ్చింది. డాక్టర్ లిదియా ఉన్నపళంగా రమ్మంటోందని చెప్పింది.

లిదియా, టైటస్ సాలూరు మిషన్ స్కూల్లో ఒకే బెంచీ వాళ్ళు. ఆమె చదివి చదివి డాక్టరయింది. ఈయన ఆమె పేపర్లోకి తొంగిచూసి తొంగిచూసి డిటెక్టివయ్యాడు.

డాలీ కెమెరాకి మూతపెట్టింది. "వెళ్ళండి. ఆ గుహలు లక్షల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. ఇవాళ మీరు చూడకపోతే అలిగి లేచిపోవులెండి" అంది.

లిదియా నడిపేది పిల్లలు లేనివాళ్ళ ఆసుపత్రి. నాలుగు గదులు, ముందు సిల్వర్ ఓక్ చెట్లు, వెనక షెడ్డులో ఒక జీపు. టైటస్ వెళ్ళేసరికి ఆమె చిన్న ల్యాబు గదిలో బల్లకు ఆనుకుని నిలబడి ఉంది. ఎదురుగా నేల మీద ఒక అల్యూమినియం క్యాను. పాలక్యాను అంత ఉంటుంది గాని లోపల పాలుండవు, ద్రవ నైట్రోజన్ ఉంటుంది. మూత తీస్తే తెల్లటి పొగ బయటికొచ్చి కాళ్ళ మీద పాకుతుంది. ఆ చలిలో బాల్‌పెన్ రీఫిల్ లాంటి సన్నటి గొట్టాలు నిలబడి ఉంటాయి. వాటిని స్ట్రాలంటారు. ఒక్కో స్ట్రాలో ఒక్కో పిండం, గడ్డకట్టి, ఒక కడుపు కోసం కాచుకుని ఉంటుంది.

జరిగింది ఆమె ముక్తసరిగా చెప్పింది. ఈ కొండల్లో కాఫీ తోట వేసుకుని బతికే మల్లేశుకి, అతని భార్య స్వర్ణకి పెళ్ళై పద్నాలుగేళ్ళు. పిల్లలు లేరు. ఇంకో పెళ్ళి చేసుకోమని ఊరంతా అంటే మల్లేశు వినలేదు. రెండు నెలల కిందట విశాఖ ల్యాబులో వాళ్ళ పిండాలు రెండు తయారుచేసి గడ్డకట్టించింది లిదియా. స్వర్ణకు ముప్పై తొమ్మిది. మళ్ళీ అండాలు వస్తాయన్న ఆశ లేదు. అంచేత ఆ రెండే మొదలు, ఆ రెండే చివర. మందులిచ్చి గర్భసంచిని సిద్ధం చేసింది ఇవాళ్టి కోసం. ఇవాళ చీకటి పడేలోగా పిండం పెట్టాలి. దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. క్యాను నిన్న విశాఖ నుంచి జీపులో వచ్చింది. తెల్లారి మూత తీస్తే లోపల ఉన్నవి పిండాలు కావు.

"మరి?"

"ఎద్దు వీర్యం" అంది లిదియా. "పశువుల డాక్టర్లు వాడే స్ట్రాలు. మీద ఎద్దు నంబరు కూడా ఉంది. నమ్మలేక ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఉరకలేస్తున్నాయి."

పక్కగదిలో మంచం మీద స్వర్ణ పడుకుని ఉంది. సంగతి ఆమెకీ తెలుసు. ఏడవడం లేదు. లేస్తే మందు పని పాడవుతుందేమోనని ఎవరూ చెప్పకుండానే కదలకుండా ఉండిపోయిందట. మల్లేశు గుమ్మంలో గొంతుక్కూర్చుని, లోపలికొచ్చే వాళ్ళనీ బయటికెళ్ళే వాళ్ళనీ ముఖాల్లోకి చూస్తున్నాడు.

అప్పటికే అక్కడ ఇంకో మనిషి ఉన్నాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వరహాలరావు. ఆరడుగుల ఎత్తు, బిగుసుకున్న దవడ. కిటికీ చువ్వలు లెక్కపెడుతున్నట్టు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎవరండీ తమరు?" అన్నాడు.

టైటస్ కార్డు ఇచ్చాడు. సి.ఐ. దాన్ని చదవకుండానే బల్ల మీద పడేశాడు. ఈ గదికి సీలు వేస్తున్నాననీ, బయటివాళ్ళు బయటే ఉండాలనీ చెప్పాడు. జీపు డ్రైవరు ఫల్గుణ దారిలో పిండాల్ని వేరే ఆసుపత్రికి అమ్ముకుని ఎద్దు సరుకు పెట్టి తెచ్చాడని ఒక అనుమానం. కాకపోతే ఈ డాక్టరమ్మే వాటిని పాడుచేసుకుని, తప్పు కప్పుకోడానికి దొంగతనం కథ అల్లిందని ఇంకో అనుమానం. రెండూ ఆయనకు సమానంగా నచ్చినట్టున్నాయి.

"సి.ఐ. గారూ, తమరు సీలు వెయ్యాల్సింది తలుపుకి. డాక్టరమ్మ శీలానికి కాదు" అన్నాడు టైటస్.

"జోకులా?"

"అలవాటండి. మీ పేరులో వరహాలున్నాయి కదా, మాటల్లో మాత్రం చిల్లర రాలుతోంది. చూస్తూ ఊరుకోలేక ఏరుతున్నాను. గదికి సీలు వేస్తే ఆ పక్కగదిలో ఉన్నావిడకి ఇవాళ దాటిపోతుంది. ఒక్క గంట ఇవ్వండి."

"ఆ క్యాన్‌లో నాలుగున్నాయి. నాలుగూ దొరికేదాకా ఎవడికీ గంట లేదు, గడియారం లేదు" అన్నాడు సి.ఐ.

టైటస్ నవ్వుతూనే ఉన్నాడు గాని ఆ నాలుగుని తీసి మనసులో ముడేసుకున్నాడు. లిదియా చెప్పింది స్వర్ణవి రెండని. మిగతా రెండింటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆయన లిదియాని బయటికి తీసుకెళ్ళి పోలీసులకి ఎవరు కబురు చేశారని అడిగాడు. తాను చెయ్యలేదంది. క్యాను మారిందని తెలియగానే ఆ క్యానుతో సంబంధం ఉన్నవాళ్ళకి మాత్రం చెప్పానంది. అందులో ఇంకో దంపతులవి కూడా ఉన్నాయి. వాళ్ళెవరో చెప్పనంది.

"నాకు కూడానా?"

"నీకు కూడా. పిల్లలు లేరన్నది బయటపడ్డం కంటే దొంగతనం బయటపడ్డం నయమనుకునే వాళ్ళుంటారు, టైటస్. వాళ్ళు నన్ను నమ్మి వచ్చారు."

టైటస్ బలవంతపెట్టలేదు. కాని సి.ఐ. రెండో అనుమానం ఉంది చూశారూ, అది వెకిలిదే అయినా అడగక తప్పదు. స్నేహితురాలు కదా అని వదిలేస్తే డిటెక్టివు పనికి చిల్లుపడుతుంది. అందుకే ముఖాన్నే అడిగాడు, పదిమందికి పిండం పెడితే ఎంతమందికి నిలుస్తుందని.

"ఇద్దరికి. బాగా కలిసొచ్చిన ఏడాది ముగ్గురికి."

"మిగతా వాళ్ళు?"

"కూర్చోబెట్టి నేనే చెప్తాను. వాళ్ళు ఏడుస్తారు, నేను కాఫీ కలుపుతాను. ఈ పనిలో నేను గెలిచిన రోజులకంటే ఓడిపోయిన రోజులే ఎక్కువ. మొదటి రోజే ఆ సంగతి ఒట్టేసి మరీ చెప్తాను. ఇంకో ఓటమిని దాచుకోడానికి ఎద్దుని పిలిపించుకుంటానా?"

టైటస్ తల ఊపాడు. అది ఉరకలేసే ఎద్దు కన్నా బలమైన సాక్ష్యం. అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. అది కేసు కోసం కాదు, చాలా ఏళ్ళుగా ఆయన కడుపులో ఉన్న ప్రశ్న. బొంబాయి వెళ్ళి ఈ విద్య నేర్చుకుని, విశాఖలో పెద్ద ఆసుపత్రిలో పేరు తెచ్చుకుని, ఆమె కోసం జనం ఊళ్ళు దాటి వస్తున్న రోజుల్లో, ఉన్నట్టుండి ఈ కొండమీదికి వచ్చి కూర్చుంది ఎందుకు?

లిదియా సిల్వర్ ఓక్ ఆకు ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపింది. తన తల్లి సాలూరు ఆసుపత్రిలో పురుళ్ళు పోసే నర్సన్న సంగతి గుర్తుచేసింది.

"లోపల అమ్మ పురుళ్ళు పోసేది. వరండాలో పురుడుతో పని లేని ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు, గుర్తుందా? కొండల మీంచి నడిచొచ్చేవారు. వార్డు ఊడ్చేవారు, గుడ్డలు ఉతికేవారు. ఏమీ అడిగేవారు కాదు. పుట్టిన బిడ్డకి మొదటిసారి నీళ్ళు పోసేటప్పుడు ఆ చెంబు తమని పట్టుకోనిస్తే చాలు. అందరూ లోపల పుట్టినవాళ్ళ గురించి మాట్లాడుకునేవారు. నా కన్ను ఎప్పుడూ వరండా మీదే ఉండేది."

ఆ కన్నే ఆమెను డాక్టర్ని చేసింది. విశాఖలో పైడాక్టరొకాయనతో కొండమీద కూడా ఈ వైద్యం పెడదామంటే ఆయన నవ్వి, కొండమీద సర్కారు ఆపరేషన్లు చేసి పిల్లల్ని ఆపలేక చస్తుంటే నువ్వు కొత్తగా పుట్టిస్తావా అన్నాడట. కొండెక్కే డాక్టర్లందరూ ముడి వెయ్యడానికే ఎక్కుతున్నారు, విప్పేదాన్ని నేనొక్కదాన్నయినా ఉంటానని ఆమె ఆ వారమే రాజీనామా ఇచ్చింది. అండాలు తియ్యడానికి కొండమీద హంగు లేదు గనక ఆడవాళ్ళు ఒక్కసారి విశాఖ వస్తే చాలు, తర్వాత పిండమే వాళ్ళ దగ్గరికి కొండెక్కి వచ్చేలా ఈ క్యాన్ల పద్ధతి పెట్టింది.

"అయితే జాలి" అన్నాడు టైటస్.

"సగం జాలి. సగం పంతం."

"సంతానం అంటే సగం పంతానమన్నమాట. అర్థమైంది. పద, నీ క్యాను చూద్దాం."

సి.ఐ. గుమ్మానికి అడ్డంగా నిలబడి, చేతులు వెనక పెట్టుకుని చూస్తే చూడమన్నాడు. టైటస్ క్యాను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన ప్యాంటు ఆ ఆసనానికి అభ్యంతరం చెబుతూ ఎక్కడో పర్రుమని పిగిలింది. ఎవరూ విననట్టు నటించారు.

క్యానుకు బొంత గుడ్డతో కుట్టిన ఒక జాకెట్టు తొడిగి ఉంది. దారిలో దెబ్బ తగలకుండా సుజానా స్వయంగా కుట్టింది. పైన పూల చీర ముక్క, లోపల గోనె. సి.ఐ. వాదనంతా ఆ జాకెట్టు మీదే నిలబడింది. ఇలాంటి క్యాన్లు పశువుల వాళ్ళ దగ్గరా ఉంటాయి, అన్నీ ఒకే పోత పోసినట్టుంటాయి. కాని జాకెట్టు మాత్రం ఈ ఆసుపత్రిదే. కాబట్టి జాకెట్టు విప్పి వేరే క్యానుకు తొడిగినవాడు ఇంటిదొంగే.

టైటస్ సుజానాని పిలిచి జాకెట్టు చూడమన్నాడు. ఆమె రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయింది. "పూలు లోపలికెళ్ళిపోయాయేంటి సార్? తిరగేసి ఉంది" అంది.

తెల్లారినుంచీ అందరూ మూత వంకే చూశారు గాని జాకెట్టు వంక చూసినవాళ్ళు లేరు. గోనె బయటికి, పూలు లోపలికి. టైటస్ నాడాలు విప్పి తీశాడు. మిగతాదంతా ఎండకి ఆరినా పూలవైపు మడతల్లో ఇంకా తడి ఉంది. పెద్ద పెద్ద పసుపు మరకలు, వాటి మధ్యలో పేడ వాసన.

"సి.ఐ. గారూ, ఇంటిదొంగయితే రోజూ చూసే జాకెట్టుని తిరగేసి తొడుగుతాడా? దీన్ని తొడిగినవాళ్ళు ఏ వైపు బయటికుండాలో తెలీనివాళ్ళు. పైగా తడిసిందని ఎవరో విప్పి ఆరబెట్టారు. దొంగ బట్టలు ఆరేస్తాడా ఎక్కడైనా?"

సి.ఐ. గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

టైటస్ అక్కడినుంచి షెడ్డులో జీపు దగ్గరికి నడిచాడు. ఫల్గుణ వాంగ్మూలం ఏమిటో కనుక్కున్నాడు. నిన్న ఉదయం ఎనిమిదింటికి విశాఖలో బయల్దేరి, మధ్యాహ్నం మూడింటికి చేరాడు. నాలుగు గంటల దారి. మిగతా మూడు గంటలూ టైరు పంక్చరై మార్చుకున్నానని చెప్పాడట. టైటస్ జీపు వెనక తగిలించిన అదనపు టైరు వంక వంగి చూశాడు. దానికీ జీపుకీ మధ్య సాలీడొకటి కాపురం పెట్టి, గూడు విస్తరించి, పిల్లాపాపలతో సుఖంగా ఉంది.

"ఈ టైరు కదిలి ఏడాది అయింది. సంతానం విషయంలో ఈ ఆవరణలో అందరికన్నా అదృష్టవంతురాలు ఈ సాలీడే" అన్నాడు.

ఫల్గుణ పోలీసు జీపు వెనకసీట్లో మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళవాడు, అనంతగిరి పక్క కొండూరు మనిషి. సి.ఐ. అడిగితే పొద్దుటినుంచీ ఒకటే పాట, నాను ఎక్కడా ఆపనేదు బాబూ అని. టైటస్ పోలీసుల్ని కాస్త దూరం జరగమని, సుజానా చేత టీ తెప్పించి ఇచ్చి, పక్కన కూర్చున్నాడు. చెవుల వెనక పసుపు, గోళ్ళ సందుల్లో పసుపు. టైటస్ ఆ సంగతి ఎత్తకుండా పండగ కబుర్లు మొదలుపెట్టాడు. కొండవాళ్ళ ఇటుకల పండగ కదా, మగవాళ్ళంతా అడవికి వేటకెళ్ళి ఉంటారు కదా, నువ్వెళ్ళలేదేం అని.

ఫల్గుణ టీగ్లాసు రెండు చేతుల్తో తిప్పాడు. "డూటీ బాబూ. డాక్టరమ్మ సరుకు తేవాల గదా."

"వేటకెళ్ళని మగాడు దారిలో దొరికితే ఆడవాళ్ళు ఊరుకోరటగా?"

ఫల్గుణ గ్లాసులోకి చూస్తూ గొణిగాడు. "నాను సెప్తే మా ఊల్లో తలెత్తుకోనేను."

"చెప్పకపోతే ఆ లోపలున్నావిడ తలెత్తుకోలేదు."

ఆ మాట పనిచేసింది. ఈ కొండల్లో ఆ పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకు పోతే, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ కట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపి, పండగ మామూలు ఇస్తేనే వదులుతారు. వేటకెళ్ళకుండా తిరిగే మగవాడు కనిపిస్తే పసుపునీళ్ళు, పేడనీళ్ళు పోసి ఆడిస్తారు. ఫల్గుణ జేబులో మామూలివ్వడానికేమీ లేదు. పైగా వేటకెళ్ళని వయసు కుర్రాడు, పక్కూరి వాడు. వాళ్ళకి అంతకన్నా పండగేముంది?

"కోక కట్టేసినారు బాబూ. బొట్టెట్టినారు. ధింసా ఆడితే గాని బండి ఒగ్గమన్నారు. నాను పారిపోకండా నా క్యాను దించేసి తాకట్టెట్టుకున్నారు. గంటలు గంటలు ఆడించినారు. మాయమ్మ చిన్నప్పటి సావాసగత్తెలు కూడా ఉన్నారు ఆల్లలో." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఈ మాట ఎలా సెప్పమంటారు? అంతకన్నా జైలు నయం."

"నీతోపాటు ఇంకో బండి ఆగిందా?"

"పశువుల ఆస్పత్రి జీపు ఆగినాది. ఆ డ్రైవరు దగ్గర కూడా మామూల్లేదు. ఆడి క్యాను కూడా దించినారు. ఆడికీ కోక కట్టినారు. ఆడు పెదబయలు పక్క సుక్రుకి క్యాను ఇచ్చేకి ఎల్తన్నాడు."

రెండు క్యాన్లు. ఒక్క పోత. తడిసిన జాకెట్టు విప్పి, ఆరబెట్టి, ఆట అయ్యాక మర్యాదగా మళ్ళీ తొడిగారు, అది ఏ క్యానుదో తెలీక. దొంగా లేడు, దొంగతనమూ లేదు. పండగ, అంతే.

సుక్రు అంటే పెదబయలు పక్క పల్లెల్లో తిరిగి ఆవులకి ఎద్దు వీర్యం ఎక్కించే మనిషి. క్యాన్‌లోంచి ఒక స్ట్రా తీసి, గోరువెచ్చటి నీళ్ళలో వేసి, పొడుగాటి గొట్టంలో బిగించి ఆవుకి ఎక్కించడం అతని రోజువారీ పని. ఇప్పుడు అతని ఇంట్లో ఉన్న క్యాన్‌లో మనుషుల పిండాలున్నాయి. సుక్రు స్ట్రాలూ ఈ స్ట్రాలూ ఒకే లావని లిదియా చెప్పింది. సుజానా పెదబయలుకి ఫోన్ చేసింది. పండగ పూట ఎత్తే నాథుడు లేడు.

సి.ఐ. ఫల్గుణని జీపులోంచి తనే దించాడు. క్షమాపణ చెప్పలేదు గాని, "నువ్వు నడుపు. ఈ రోడ్డు నీకు బాగా తెలుసు" అన్నాడు. టైటస్‌కి అది క్షమాపణ కన్నా పెద్దదిగా వినిపించింది.

రెండు జీపులు బయల్దేరాయి. ముందు జీపులో ఫల్గుణ, లిదియా, మల్లేశు, ఎద్దు క్యాను. వెనక పోలీసు జీపులో సి.ఐ., టైటస్, ఇద్దరు కానిస్టేబుళ్ళు. దారిలో టైటస్ ఊరికే ఉండలేక, తమరు ఉదయం ఎవరు పిలిస్తే వచ్చారని అడిగాడు. సి.ఐ. రోడ్డు చూసుకోండన్నాడు. జీపు నడుపుతున్నది తను కాదు కాబట్టి రోడ్డు చూడాల్సిన అవసరం టైటస్‌కి కనిపించలేదు. అయినా చూశాడు.

సుక్రు ఇంటి ముందు ఆగేసరికి మధ్యాహ్నం దాటింది. ఊళ్ళో మగపురుగు లేదు, అందరూ వేటలో ఉన్నారు. సుక్రు భార్య సోములమ్మ అరుగు మీద సామలు చెరుగుతోంది. పోలీసుల్ని చూసి చేట పక్కన పెట్టింది. క్యాను లోపలే ఉందనీ, ఎవరూ ముట్టుకోలేదనీ చెప్పి, అంతలోనే నాలుక్కరుచుకుంది.

"తెల్లారగట్ట ఒక్కపాలి తీసినాడు. ఎదురింటి ఆవు ఎదకొచ్చినాది, రేపటికి దాటిపోద్దని ఆల్లు గోల సేసినారు. బేగి బేగి ఎక్కించేసి ఏటకెల్లిపోనాడు."

"ఎన్ని తీశాడు?" అంది లిదియా.

"ఒకటే."

మల్లేశు గుంజ పట్టుకున్నాడు. లిదియా గబగబా చేతులకి తొడుగులేసుకుని, క్యాను అరుగు మీదికి తెప్పించి, మూత తీసింది. పొగ పొంగి చేట మీదినుంచి జారి కిందికి దిగింది. ఆమె స్ట్రాలున్న కడ్డీని క్యాను మెడదాకా పైకెత్తి, సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే పక్కకు జరిపి చూసింది. స్వర్ణ వాటికి ఎర్ర గీత. రెండో దంపతులవాటికి ఆకుపచ్చ గీత.

"ఎర్రవి రెండూ ఉన్నాయి" అంది.

మల్లేశు అరుగు మీద కూర్చున్నాడు. తలమీద తువ్వాలు తీసి ముఖం కప్పుకున్నాడు. ఆ తువ్వాలు లోపల ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో టైటస్‌కి తెలీలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

లిదియా కడ్డీ దించి మూత పెట్టింది. ఎద్దు క్యాన్‌లోంచి నైట్రోజన్ కొంత ఇందులోకి వంపించింది. ఇప్పుడే బయల్దేరితే అయిదింటికల్లా చేరతామనీ, వేళ మించలేదనీ చెప్పింది. అన్నీ చెప్పింది గాని ఎవరి ముఖంలోకీ చూడటం లేదు.

మల్లేశు తువ్వాలు దించి ఆమెను చూశాడు. మోటుమనిషే గాని అలాంటివి పట్టుకుంటాడు. "మరి పోయింది ఆ రెండో ఆల్లదా డాక్టరమ్మా?"

"ఊఁ."

"ఆల్లకి ఇంకోటుంది గదా?"

"ఒకటుంది."

"పోన్లెండి. ఆల్లెవురో గాని, దేముడు ఆ ఒకటీ నిలబెడతాడు."

"మావి" అన్నాడు సి.ఐ. వరహాలరావు.

కానిస్టేబుళ్ళు ఇద్దరూ తలెత్తి చూశారు. సి.ఐ. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఆకుపచ్చవి మావి. నావీ, మా కనకవీ. పదకొండేళ్ళయింది మాకు" అన్నాడు మల్లేశుతో, పక్కన ఇంకెవరూ లేనట్టు. "తెల్లారి డాక్టరమ్మ ఫోన్ చేసింది. నలుగురికీ తెలిసిపోతుందని గదికి సీలు వేస్తానన్నాను. మీ ఆవిడ సంగతి చెప్పినా నా బుర్రకెక్కలేదు."

ఉదయం తాను ముడేసుకున్న నాలుగు ఇప్పుడు అందరి ముందూ విడిపోయింది. టైటస్‌కి అది కొత్త సంగతి కాదు. కాని ఆ పెద్దమనిషి తనంతట తానే, తన కానిస్టేబుళ్ళ ముందే విప్పుతాడని ఆయన అనుకోలేదు.

మల్లేశు లేచాడు. అరుగు మీది క్యానుని రెండు చేతుల్తో ఎత్తి సి.ఐ. చేతికిచ్చాడు. "తమరు పట్టుకోండి బాబూ. ఇందులో మీదీ ఉన్నాది, మాయీ ఉన్నాయి."

సి.ఐ. క్యానుని గుండెకానించుకుని జీపు దాకా తీసుకెళ్ళి సీటు మీద పెట్టాడు. ఎక్కబోయి ఆగాడు. వెనక్కి తిరిగి సోములమ్మని అడిగాడు.

"ఏ ఆవు?"

ఆమె చెయ్యి చాపింది. ఎదురింటి కంచె అవతల ఎర్రావొకటి మెడలో చెక్కగంటతో నిలబడి నెమరేస్తోంది. సి.ఐ. కంచె దాటి దాని దగ్గరికి వెళ్ళాడు. లిదియా వెంటే వెళ్ళి మెల్లగా, అది అక్కడ నిలవదండీ, ఈపాటికే పోయి ఉంటుంది అంది. ఆయన తెలుసన్నాడు. అయినా దాని గంగడోలు మీద చెయ్యి వేసి నిమిరాడు. ఆవు ఒకసారి తలెత్తి ఆయన్ని చూసి, మళ్ళీ తన నెమరు తాను చూసుకుంది.

వేటకు పోలేని ముసలి భీముడు, ఆవు యజమాని, గుడిసెలోంచి కర్ర పట్టుకుని వచ్చాడు. యూనిఫారం చూసి, తన ఆవు ఎవరి సేలో పడినాది బాబూ అని అడిగాడు.

"ఎవరి చేలోనూ పడలేదు తాతా" అన్నాడు సి.ఐ. "గడ్డి బాగా వెయ్యి."